‘ఈ పొలం ఎవరెవరిది?’: రువాండా భూమి నమోదులో పెళ్లి పత్రం తెచ్చిన చిక్కు – ఒక కేస్ స్టడీ

రువాండా ఉత్తరాన ముసాంజె జిల్లాలో, అగ్నిపర్వతాల వరసకు దిగువనున్న ఒక కొండవాలు మీద పద్నాలుగేళ్లుగా సేద్యం చేస్తున్న ఒక స్త్రీ పేరు భూమి రిజిస్టరులోకి ఎక్కకుండా ఎలా జారిపోబోయిందో, తరువాత ఎలా ఎక్కిందో, దానివల్ల ఆ పొలంలో ఏం మారిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. 2010 చివరి నుంచి 2012 దాకా నేను ఆ జిల్లాలో భూమి నమోదు కార్యక్రమానికి క్షేత్ర పరిశీలకురాలిగా పనిచేశాను. అంతకుముందు అనంతపురం జిల్లాలో పట్టాదారు పాసుపుస్తకాలు, విరాసత్తు మార్పిడుల పనిలో పదేళ్లు గడిపాను. పసుపు కుంకుమల కింద మా అమ్మకు రెండెకరాలు ఇచ్చారని ఊళ్లో అందరికీ తెలుసు; ఆ సంగతి తెలియనిది పాసుపుస్తకానికి ఒక్కదానికే, అందులో చివరిదాకా మా మేనమామ పేరే ఉంది. ఆ రెండెకరాలు మనసులో ఉండబట్టే ముసాంజెలో ఒక రసీదు మీద ఒక వరస తక్కువైందని ఒకామె అడిగినప్పుడు ఆ మాటను దాటవేయలేకపోయాను.

ఆ కుటుంబంలోని వారి పేర్లు, ఊరి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

నేపథ్యం

రువాండా వైశాల్యం 26,338 చదరపు కిలోమీటర్లు. 2012 జనాభా లెక్కల నాటికి అక్కడ కోటీ అయిదు లక్షల మంది ఉన్నారు, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 400 మంది. అడవులు, చెరువులు, నిటారు కొండలు తీసేస్తే ఒక్కో కుటుంబానికి మిగిలేది సగటున హెక్టారుకు లోపే. అదీ ఒకచోట ఉండదు; కొండ మీద ఒక ముక్క, లోయలో ఒక ముక్క, అవతలి వాలులో ఇంకొక ముక్కగా చెదిరి ఉంటుంది. ఇంత ఇరుకైన దేశంలో ఒక గట్టు ఎటు జరిగిందన్నది ఏడాది తిండికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

అక్కడి సంప్రదాయంలో భూమి తండ్రి నుంచి కొడుక్కు వెళ్తుంది. కొడుకు పెళ్లి చేసుకునేటప్పుడు తండ్రి ఇచ్చే వాటాను ‘ఉమునాని’ అంటారు. కూతురికి అలాంటి వాటా లేదు. భర్త చనిపోయో, కాపురం చెడిపోయో పుట్టింటికి తిరిగివస్తే బతకడానికి ‘ఇంగారిగారి’ పేరుతో కొంత నేల చూపించేవారు. భార్యకు పొలం దున్నుకునే అనుమతి ఉండేది గానీ పొలం ఉండేది కాదు. 1994 ఏప్రిల్ నుంచి జులై వరకు జరిగిన మారణహోమంలో సుమారు ఎనిమిది లక్షల మంది హతమయ్యారు. ఎందరో మగవాళ్లు చనిపోయారు, ఎందరో జైళ్లకు వెళ్లారు, ఎందరో దేశం విడిచిపోయారు. కొండల మీద మిగిలినవారిలో విధవలు, తండ్రిలేని ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. భూమికి వారసుడిగా మగవాడే ఉండాలన్న సంప్రదాయానికి ఆ మగవాళ్లే లేకుండా పోయారు. బావగార్లు, మరుదులు, దూరపు దాయాదులు వచ్చి ‘ఇది మా అన్నది, మా తమ్ముడిది’ అని విధవల చేతుల్లోంచి పొలాలు లాక్కున్న ఉదంతాలు ప్రతి కొండ మీదా వినిపించేవి.

చట్టాలు ఆ పరిస్థితుల ఒత్తిడి నుంచే వచ్చాయి. 1999 నాటి వారసత్వ చట్టం కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. 2003 రాజ్యాంగం నిర్ణయాధికారమున్న సంస్థలన్నిటిలో కనీసం 30 శాతం స్త్రీలు ఉండాలని చెప్పింది. 2005 భూమి చట్టం భార్యాభర్తలకు భూమి మీద సమాన హక్కులుంటాయని సూటిగా రాసింది. 2008 ఎన్నికల్లో దిగువ సభలోని 80 స్థానాల్లో 45 స్త్రీలకు దక్కాయి. స్త్రీలు ఎక్కువమంది ఉన్న పార్లమెంటు ప్రపంచంలో అదే మొదటిది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన సంగతి తెలిసినవారికి ఇందులో పోలిక కనిపిస్తుంది. చట్టం పుస్తకంలోకి వచ్చిన తరువాత కూడా ఎన్నో ఇళ్లలో ఆడపిల్ల వేలిముద్ర పడింది హక్కు వదులుకుంటున్నానన్న కాగితం మీదే. రువాండా ప్రత్యేకత ఏమిటంటే, ఆ చట్టాల వెనకనే దేశంలోని ప్రతి కమతాన్నీ కొలిచి, ప్రతి కమతానికీ పేర్లు రాసే బృహత్తర కార్యక్రమాన్ని చేపట్టింది.

2007–08లో కరోంగి, ముసాంజె, కిరెహె, గసాబో జిల్లాల్లో ఒక్కొక్క అకగారిలో దీన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. (అక్కడ ఊరును ‘ఉముదుగుదు’ అంటారు, కొన్ని ఊళ్లు కలిసి ‘అకగారి’, కొన్ని అకగారులు కలిసి ‘ఉమురెంగె’ అవుతాయి. ఉమురెంగెను మన మండలంలా అనుకోవచ్చు.) ఆ తరువాత దేశమంతా విస్తరించి 2013 నాటికి కోటికి పైగా కమతాల హద్దులు గీశారు. ఒక్కో కమతానికి అయిన ఖర్చు ఆరేడు డాలర్లు మాత్రమే. ఖరీదైన పరికరాలను, పట్టణాల సర్వేయర్లను పక్కనబెట్టి, ఆకాశం నుంచి తీసిన ఫోటోలను, ఊరి యువతీయువకులకు ఇచ్చిన కొద్దిపాటి శిక్షణను నమ్ముకోవడమే ఆ చౌకకు కారణం.

రసీదు మీద ఒకే వరస

పని ఇలా జరిగేది. ముందు ఊరి సమావేశంలో కార్యక్రమం గురించి చెప్పేవారు. తరువాత ఒక్కో వాలుకు వెళ్లి, ఆ వాలు తాలూకు ఆకాశ ఫోటోను చెక్కపలక మీద పరిచి, హక్కుదారును, నాలుగు పక్కల రైతులను నిలబెట్టి, హద్దు వెంబడి నడిచి, ఆ గీతను ఫోటో మీద కలంతో గీసేవారు. గీసిన ప్రతి ముక్కకూ ఒక సంఖ్య. అక్కడికక్కడే ఎవరిదో రిజిస్టరులో రాసి, రసీదు చించి చేతికిచ్చేవారు. చదువు రానివాళ్లకు ఆ ఫోటో చదవడం వచ్చేది. తళతళలాడే రేకుల కప్పు ఎవరిదో, దాని వెనకున్న అరటి గుబురు ఎవరిదో, కాడజెముడు కంచె ఎక్కడ మలుపు తిరుగుతుందో వేలు పెట్టి చూపించేవారు. (రాయలసీమ చేల గట్ల మీది కాడజెముడే అక్కడా ప్రతి ఇంటికీ కంచె, దాన్ని వాళ్లు ‘ఇమియెంజి’ అంటారు. చూసిన మొదటి రోజున నాకు ఊరు గుర్తొచ్చింది.)

ఆ రోజు మేము వెళ్లిన పొలం బంగాళాదుంప చేను. హద్దుకు నల్లటి లావారాళ్లు పేర్చి ఉన్నాయి. మొదట్లో చెప్పిన స్త్రీ, ఆమెతో కాపురం చేస్తున్న రైతు, అతని తల్లి ముగ్గురూ వచ్చారు. మా నమోదు కుర్రాడు ఎప్పటిలాగే ‘ఈ పొలం ఎవరిది?’ అని అడిగాడు. అతను తన పేరు చెప్పాడు. ‘పెళ్లయిందా, పత్రం ఉందా?’ అనడిగితే లేదన్నాడు. కుర్రాడు అతని పేరు ఒక్కటే రాశాడు. పత్రం లేకపోయినా ఇద్దరూ ఒప్పుకుంటే ఇద్దరి పేర్లూ రాయవచ్చన్న సూచన మాకు అప్పటికే ఉంది. అయినా ‘పత్రం లేదు’ అన్న మాట వినగానే చెయ్యి తనంతట తాను తరువాతి గడిలోకి జరిగిపోయే అలవాటు మా బృందంలో ఉంది. ఆ పేజీ చివర పరిశీలించినట్టు సంతకం చేసింది నేనే. అందులో లోపముందని ఆ క్షణాన నాకు తట్టలేదు, ఈ మాట దాచడం సరికాదు.

ఆమెకు చదువు రాదు. రసీదును పక్కింటివాళ్ల రసీదు పక్కన పెట్టి చూసింది. పక్కింటి రసీదులో పేర్లు రాసేచోట రెండు వరసల సిరా ఉంది. తమ రసీదులో ఒకటే ఉంది. మేము సామాను సర్దుకుంటుంటే వచ్చి దుబాసీ ద్వారా అడిగింది: ‘అమ్మా, వాళ్లకు రెండు వరసలు రాశారు. మాకు ఒకటే రాశారేం? నేను ఏ వరసలో ఉన్నాను?’

అక్కడ పెళ్లి రెండు మూడు అంచెలుగా జరుగుతుంది. పెద్దలు మాట్లాడుకుని, వరుడి తరఫున ‘ఇంక్వానో’ (సాధారణంగా ఆవు, లేదా దాని ఖరీదు) ఇవ్వడం ఒక అంచె. చర్చిలో జరిగేది ఒకటి. ఉమురెంగె కార్యాలయంలో జాతీయ పతాకం పట్టుకుని అధికారి ఎదుట ప్రమాణం చేసేది మరొకటి. చట్టం గుర్తించేది ఈ చివరిదాన్నే. ఆవు ఇవ్వలేకనో, విందుకు డబ్బు లేకనో ఎన్నో జంటలు ఏళ్ల తరబడి కాపురం చేస్తూ, పిల్లల్ని కని పెంచుతూ కూడా ఆ చివరి అంచె దాకా వెళ్లవు. ఈ జంటా అంతే. ఆవు బాకీ తీరలేదు కాబట్టి పెళ్లి ‘పూర్తి కాలేదు’ అని అతని అన్నదమ్ములు అనేవారు. ఆమె మాత్రం పద్నాలుగేళ్లుగా ఆ వాలు మీద బంగాళాదుంప, చిక్కుడు, చిలగడదుంప వేస్తూ, నలుగురు పిల్లల్ని కన్నది.

కార్యక్రమం మొత్తానికి ఇదొక పెద్ద బెడద అన్న సంగతి ప్రయోగ దశలోనే బయటపడింది. డేనియల్ అలీ, క్లావుస్ డైనింగర్, మార్కస్ గోల్డ్‌స్టీన్ అనే ఆర్థికవేత్తలు ఆ నాలుగు అకగారుల మీద చేసిన అధ్యయనం ప్రకారం, చట్టబద్ధంగా పెళ్లయిన స్త్రీలకు (జంటల్లో వీరు సుమారు 76 శాతం) భూమి మీద హక్కు నమోదవడం స్పష్టంగా మెరుగుపడింది. పత్రం లేని స్త్రీలకు మాత్రం ఉన్న హక్కు కూడా సన్నగిల్లింది. నమోదుకు ముందు ఆమె పొలంలో ఉందన్నది ఊరందరికీ తెలిసిన సత్యం. నమోదు తరువాత ఆ సత్యానికి ఎదురుగా ఒక ప్రభుత్వ పత్రం నిలబడి, పొలం అతనొక్కడిదేనని చెబుతుంది. హక్కుకు భద్రత ఇవ్వడానికి తెచ్చిన కాగితమే ఆమెకు అంతకుముందు లేని ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది.

అభ్యంతరాల గడువు

రిజిస్టరులో రాసిన వివరాలను ఊళ్లో అందరికీ కనబడేలా ప్రదర్శించి, దిద్దుబాట్లకు 60 రోజుల గడువు ఇచ్చేవారు. ఆ గడువులో ఆమె పేరు చేర్చడానికి నియమాల రీత్యా అడ్డేమీ లేదు. కావలసింది అతని అంగీకారం. ఊరి సమావేశంలో అందరి ముందూ అడిగితే అతను ‘చూద్దాం, తరువాత’ అన్నాడు. అన్నదమ్ములు ముందు వరసలో కూర్చున్నారు, ఆమె వెనక వరసలో ఆడవాళ్ల మధ్య ఉంది. దేశ రాజధానిలో సభలో స్త్రీలే ఎక్కువమంది ఉన్న ఆ సమయంలోనే, ఈ చెట్టు కింది సభలో ఆమె మాట వెనక వరస దాటి రాలేదు. అంగీకారాన్ని సభలో అడగడమే మా పొరపాటని నాకు అర్థమైంది. అన్నదమ్ముల కళ్లెదుట భార్యకు సగం రాసిస్తానని ఏ రైతు చెబుతాడు?

వారం తరువాత ఉదయాన్నే పొలానికే వెళ్లాం. ఈసారి ప్రశ్న మార్చాం. అది మా దుబాసీ అమ్మాయి ఆలోచన. ఈ మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను. ‘ఈ పొలం ఎవరిది?’ అంటే ఒక్క పేరే వస్తుందని, ‘ఈ పొలం మీద ఎవరెవరు బతుకుతున్నారు? ఇందులో ఎవరెవరి కష్టం ఉంది?’ అని అడగాలని ఆమె చెప్పింది. తెలుగులోనూ ఆ తేడా ఒక్క మాటలో ఉంది కదా: ఎవరిది, ఎవరెవరిది. అలా అడిగేసరికి అతను తన పేరు, ఆమె పేరు, తల్లి పేరు, పిల్లల పేర్లు వరసగా చెప్పాడు. అయితే రాద్దామా అంటే మళ్లీ ఆగాడు. ఆవు బాకీ సంగతి, అన్నల సంగతి చెప్పుకొచ్చాడు.

అప్పుడు మాట్లాడింది అత్తగారు. అంతవరకు ఆమె అడ్డుపడుతుందనే నేను అనుకున్నాను. ఆమె 1994లో విధవ అయింది. భర్త తమ్ముడు వచ్చి అరటితోట తనదన్నాడట. ఊరి పెద్దల చుట్టూ మూడేళ్లు తిరిగి, సగం పోగొట్టుకుని, సగం నిలబెట్టుకుందట. ‘ఆరోజు నా పేరు ఏ కాగితంలోనైనా ఉండి ఉంటే నేను తిరిగేదాన్ని కాదు. రాయించు’ అని కొడుకుతో అంది. అతను ఒప్పుకున్నాడు. రిజిస్టరులో రెండో వరస పడింది. వాటాల గడిలో చెరి 50 శాతం అని రాశాం. తొంభై తొమ్మిదేళ్ల కౌలు హక్కుగా ప్రభుత్వం ఇచ్చే ఆ పత్రానికి అప్పట్లో ఒక్కో కమతానికి వెయ్యి రువాండా ఫ్రాంకులు కట్టాల్సి ఉండేది. మరుసటి కోతకు బంగాళాదుంపలు అమ్మి కట్టారు.

ఆ కొన్ని వారాల్లో మా బృందంలో రెండు మార్పులు చేశాం. నమోదు వేళ పెళ్లి పత్రం గురించి అడగడాన్ని పేర్లు రాసిన తరువాతకు మార్చాం. భార్య పొలంలో లేని రోజున ఆ కమతం పేజీ మూయకూడదని నియమం పెట్టుకున్నాం. దీనివల్ల రోజుకు పూర్తయ్యే కమతాల సంఖ్య తగ్గి పైవాళ్ల నుంచి ఒత్తిడి వచ్చింది. వేగాన్ని కొలిచే లెక్క ప్రతి వారం ఉండేది. తప్పిపోయిన పేర్లను కొలిచే లెక్క ఉండేది కాదు.

మట్టిలో కనిపించిన మార్పు

స్త్రీ పేరు చేరడాన్ని న్యాయం కోణం నుంచే చూస్తే ఆర్థికాభివృద్ధిలో దాని స్థానం బోధపడదు. ముసాంజె వాలుల మీద వాన పడిందంటే నల్లమట్టి కొట్టుకుపోతుంది. రువాండా నదులు వానాకాలంలో ఎర్రగా, గోధుమరంగుగా పారేది ఇలా కొండల మీది నుంచి కొట్టుకొచ్చిన మట్టితోనే. మట్టిని ఆపాలంటే వాలుకు అడ్డంగా గట్లు వేయాలి, గట్ల మీద ఏనుగుగడ్డి నాటాలి, కాలువలు తీయాలి, ఏటా వాటిని బాగుచేసుకోవాలి. ఇదంతా ఇవాళ పడే చాకిరీ. ఫలితం మూడు నాలుగేళ్ల తరువాత దిగుబడిలో కనిపిస్తుంది. ‘మూడేళ్ల తరువాత ఈ చేనులో నేనుంటానో లేదో’ అనుకునే మనిషి గట్టు వేయదు; ఈ పంటకు రావలసింది రాబట్టుకుంటుంది. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు, ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. కానీ దేశమంతటా లక్షల మంది స్త్రీలు అలా ఆలోచించవలసి వస్తే కొండల మట్టి లోయలోకి పోతుంది.

ఈ లెక్క ఊహ కాదని ఇందాక చెప్పిన అధ్యయనమే చూపింది. ప్రయోగం జరిగిన అకగారి సరిహద్దుకు ఇటువైపు, అటువైపు ఉన్న కుటుంబాలను పోల్చారు: నేల ఒకటే, వాన ఒకటే, సంత ఒకటే, తేడా నమోదు మాత్రమే. రెండున్నరేళ్లు తిరిగేసరికి నమోదైన వైపు మట్టి సంరక్షణ పనులు చెప్పుకోదగినంత పెరిగాయి. ఆ పెరుగుదల మగవారు ఇంటిపెద్దగా ఉన్న కుటుంబాల్లో కంటే స్త్రీలు ఇంటిపెద్దగా ఉన్న కుటుంబాల్లో దాదాపు రెట్టింపు. భయం ఎక్కువగా ఉన్నచోటే, భయం తీరాక పనీ ఎక్కువగా జరిగింది. పట్టాలు రాగానే పేదలు పొలాలు తెగనమ్ముకుంటారన్న అనుమానం కూడా నిజం కాలేదు. క్రయవిక్రయాలు పెరగకపోగా తగ్గాయి.

ఘనాలోని అక్వాపిమ్ ప్రాంతం నుంచి వచ్చిన ఫలితాన్ని పక్కన పెడితే విషయం ఇంకా తేటపడుతుంది. అక్కడ ఎరువుకు బదులు పొలాన్ని కొన్నేళ్లు బీడుగా వదిలి సారం తెచ్చుకుంటారు. బీడు పెట్టిన పొలాన్ని ‘ఖాళీగా ఉంది కదా’ అని పెద్దలు ఇంకొకరికి ఇచ్చేస్తారన్న భయం ఉన్నవారు బీడు పెట్టరు. గోల్డ్‌స్టీన్, క్రిస్టఫర్ ఉద్రీ 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, స్థానికంగా పదవుల్లో ఉన్నవారు ధైర్యంగా ఎక్కువకాలం బీడు పెడుతున్నారు. భార్యలు భర్తల కంటే తక్కువకాలం బీడు పెట్టి తక్కువ పండిస్తున్నారు. బుర్కినాఫాసోలో ఉద్రీయే 1996లో చూపింది వేరొక దారి: ఒకే ఇంట్లో, ఒకే ఏడాది, ఒకే పంట వేసిన మడుల్లో భార్య మడికి దిగుబడి తక్కువ. కారణం ఆమె చేతకానితనం కాదు, ఇంట్లోని పెంటఎరువు, కూలీ దాదాపుగా భర్త మడికే వెళ్లిపోవడం. ఉన్న ఎరువునే మడుల మధ్య సరిగా పంచితే ఆ ఇంటి పంట ఆరు శాతం దాకా పెరుగుతుందని ఆయన అంచనా వేశారు. కొత్త ఎరువుల బస్తా అక్కర్లేకుండా, ఒక్క ఎకరం కొత్తగా దున్నకుండా వచ్చే ఆరు శాతం అది. మలావీలో స్త్రీల పొలాల దిగుబడి పురుషుల పొలాల కంటే 28 శాతం, టాంజానియాలో 16 శాతం, యుగాండాలో 13 శాతం తక్కువని, ఆ తేడా వల్ల మలావీకి ఏటా 10 కోట్ల డాలర్ల నష్టమని 2015లో ఐక్యరాజ్యసమితి, ప్రపంచ బ్యాంకు కలిసి వేసిన అంచనాను ఈ మడుల స్థాయికి దించి చదవాలి. అప్పుడే ఆ కోట్లు ఎక్కడ కారిపోతున్నాయో కనిపిస్తుంది.

మా కేసుకు తిరిగివస్తే, 2012 మొదట్లో నేను ఆ పొలానికి వెళ్లేసరికి వాలుకు అడ్డంగా మూడు వరసల ఏనుగుగడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. గడ్డి కోసి ఆవుకు వేస్తున్నామని, ఆవు పేడ తిరిగి చేనుకే వస్తోందని ఆమె చూపించింది. ఆ ఆవు బాకీపడ్డ ఇంక్వానో ఆవు కాదు, ఆమె పుట్టింటివాళ్లు పోషణకు ఇచ్చింది. ఒక్క పొలంలోని మూడు గడ్డి వరసలతో ఏ సిద్ధాంతాన్నీ నిరూపించలేను. కానీ పద్నాలుగేళ్లలో లేని వరసలు ఆ ఏడాది వచ్చాయి.

మరొక మార్పు లెక్కలకు అందనిది. అదే ఏడాది, రోడ్డు పక్కనున్న ముక్కను అమ్మేద్దామని అతను బేరం కుదుర్చుకున్నాడు. పేర్లున్నవారందరి అంగీకారం లేనిదే బదిలీ కుదరదని అధికారి చెప్పడంతో కాగితం ఆమె ముందుకు వచ్చింది. వెంటనే కాదనలేదు, డబ్బు దేనికని అడిగింది, రెండు రాత్రులు మాట్లాడుకున్నారు, చివరికి అమ్మకుండా ఒక సీజనుకు కౌలుకు ఇచ్చారు. ఇంట్లో భూమి గురించి ఆమెను అడగవలసి రావడం అదే మొదటిసారి.

ఇతర చోట్ల ఇదే చిక్కు

చిన్న గడి ఎంత పని చేస్తుందో ఇథియోపియా చెబుతుంది. అక్కడ భూమి ప్రభుత్వానిది, రైతుకు ఉండేది అనుభవహక్కు. టిగ్రాయ్‌లో 1998లో మొదలైన నమోదులో ఇంటి పెద్ద పేరే రాశారు. కొన్నేళ్ల తరువాత అమ్హారాలో భార్యాభర్తలిద్దరి పేర్లు, ఫోటోలు పెట్టారు. చదువు రానివారికి ఫోటో ఎంత బలమో, వరసలు లెక్కపెట్టుకున్న మనిషిని చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అయితే అక్కడ స్త్రీ ఎద్దులు కట్టి నాగలి పట్టకూడదన్న ఆచారం ఇంకా ఉంది. కాబట్టి విధవ తన పేరున్న పొలాన్ని కూడా పాలుకు ఇవ్వక తప్పదు. చేతిలో పట్టా ఉన్నప్పుడు పాలుకు తీసుకున్నవాడు ఆక్రమిస్తాడన్న భయం తగ్గి, బేరంలో ఆమె మాటకు కొంత బలం వస్తుంది. పంటలో సగం మాత్రం నాగలికే పోతుంది. టాంజానియా రాజధానిగా ఒకప్పుడు ఉన్న దారెస్సలామ్ మురికివాడల్లో, పట్టాలో భార్య పేరు చేర్చితే రుసుములో తగ్గింపు ఇచ్చి చూశారు. తగ్గింపు తీసుకున్నవారిలో దాదాపు అందరూ భార్య పేరు చేర్చారు, పట్టాలు కోరేవారూ తగ్గలేదు. పురుషుల మనసు మారడానికి తరాలు పడుతుందని మనం అనుకునే కొన్నిచోట్ల, కొద్దిపాటి రాయితీ చాలిందన్నమాట. ముసాంజెలో మాకు ఆ అవకాశమే లేదు. ఉండి ఉంటే ఎన్నో ఉదయాలు కలిసొచ్చేవి.

మిగిలిపోయినవి

రువాండాలో నమోదు ముగిసేసరికి వ్యక్తుల పేర్ల మీదున్న కమతాల్లో సగానికి పైగా భార్యాభర్తల ఉమ్మడి పేర్ల మీద ఉన్నాయి. స్త్రీ ఒక్కరి పేరున ఉన్నవి పురుషుడు ఒక్కరి పేరున ఉన్నవాటి కంటే ఎక్కువ. ఆఫ్రికా ఖండంలోనే కాదు, మన దగ్గర కూడా ఇంతటి ఫలితం లేదు. నేను ఈ కార్యక్రమాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అందుకే దాని బలహీనతలను చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నమోదు ఒకసారి చేసి వదిలేసేది కాదు. మనిషి చనిపోతాడు, పిల్ల పెళ్లి చేసుకుంటుంది, పొలం చేతులు మారుతుంది. ఆ ప్రతిసారీ పుస్తకం మారాలి. మొదటి పత్రం వెయ్యి ఫ్రాంకులకు వచ్చింది గానీ తరువాత బదిలీకి 30,000 ఫ్రాంకుల రుసుము నిర్ణయించారు. అప్పట్లో రోజుకూలి వెయ్యి ఫ్రాంకులకు అటూ ఇటూగా ఉన్న ఆ కొండల మీద అది నెల సంపాదన. దాంతో జనం కాగితం మార్చకుండానే నోటిమాటతో వాటాలు వేసుకోవడం మొదలుపెట్టారు. 2013 భూమి చట్టం, హెక్టారు కంటే చిన్నముక్కలయ్యేలా సాగుభూమిని విభజించకూడదంది. ముక్కలైతే సేద్యం గిట్టదన్న ఆలోచన సరైనదే. కానీ ఉన్నదే హెక్టారులోపు అయినప్పుడు, విభజించలేని పొలం చివరికి ఎవరి చేతిలో ఉంటుంది? ఊళ్లోనే ఉండే కొడుకు చేతిలో. అత్తవారింటికి వెళ్లిన కూతురి వాటా చట్టంలో అలాగే ఉంటుంది, పంట మాత్రం ఆమెకు రాదు. 2016లో వచ్చిన కొత్త చట్టం, పిల్లలకు ఉమునాని తప్పక ఇవ్వాలన్న తల్లిదండ్రుల బాధ్యతనే తీసేసింది. కొడుకులకూ కూతుళ్లకూ సమానంగానే తీసేసింది నిజమే; కొడుక్కు ఇవ్వాలని చెప్పడానికి చట్టం లేకపోయినా ఆచారం ఉంది, కూతురికి ఉన్నది చట్టం ఒక్కటే.

తగాదాలు ముందుగా వెళ్లేది ‘అబుంజి’ అనే ఊరి మధ్యవర్తుల దగ్గరికి. వారిలో కనీసం 30 శాతం స్త్రీలు ఉండాలన్న నియమం కాగితం మీదే కాక నిజంగానూ అమలయ్యేది. నేను చూసిన విచారణల్లో ఆ స్త్రీలు అడిగిన ప్రశ్నలే వేరుగా ఉండేవి. వాళ్లు పత్రం అడగడానికి ముందు, విత్తనం ఎవరు వేశారని అడిగేవారు.

2017లో వేరే పని మీద కిగాలీ వెళ్లినప్పుడు ముసాంజెకు బస్సెక్కాను. అతను రెండేళ్ల క్రితం చనిపోయాడట. అంతకు ముందే, ఉమురెంగెలో ఎన్నో జంటలకు ఒకేసారి జరిపిన సామూహిక వివాహాల రోజున వీళ్లిద్దరూ పతాకం పట్టుకుని ప్రమాణం చేశారట. అన్నదమ్ములు ఒకసారి వచ్చారట. ఆమె రేకు పెట్టెలోంచి పట్టా, పెళ్లి పత్రం రెండూ తీసి చూపించిందట, కూర్చుని జొన్న సారా తాగి వెళ్లిపోయారట. గడ్డి వరసలు ఇప్పుడు అయిదు. పెద్దకూతురికి పెళ్లి నిశ్చయమైంది. లోయలోని ముక్కను ఆ పిల్ల పేరున బదిలీ చేయించాలని ఆమె పట్టుదల. అత్తగారు పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ, రాయించాల్సిందే అంటోంది. బదిలీ రుసుము కోసం రెండు మేకలను వేరుగా కట్టి మేపుతున్నారు. ఈనెలలో ఒకటి అమ్మితే సగం వస్తుందని, రెండోది చూలుతో ఉంది కాబట్టి ఈనేదాకా ఆగుతానని చెప్పి, ఆమె నన్ను ఆ మేక దగ్గరికి తీసుకెళ్లింది.